దారం లేని కుట్టు

పదకొండేళ్ళు నా కోడల్ని తిట్టాను. కుట్టు వంకరపోయిందని తిట్టాను, అన్నం మెత్తబడిందని తిట్టాను, తిట్టడానికేమీ దొరకని రోజున ఏమీ దొరకలేదని తిట్టాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటూ ఒకే కార్ఖానాలో పనిచేశాం కాబట్టి ఆ మంచిపేర్లు ఇద్దరికీ దక్కలేదు. నిజంగా తిట్టి తీరాల్సిన ఒకే ఒక్క రోజు నోరు మూసుకున్నాను. ఆ నోరు తెరిచి ఉంటే నా కొడుకు బతికేవాడు.

ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. మా ఇంటి డాబా మీద కూర్చున్నాను. పక్కన కోడలు, మా ఇద్దరి మధ్య ఒక సంచి. ఎదురుగా గుట్ట మీద దొర ఇల్లు, మా వైపు చూస్తున్నట్టు దాని తూర్పు కిటికీ. మా వెనకున్న ఇంకో గుట్టని దాటి ఆ కిటికీ మీదకి ఎండ పడేసరికి పదింబావు అవుతుంది. ఆలోపు చెప్పేస్తాను.

నా చిన్నప్పటి పుస్తకాల్లో వాళ్ళని రక్తపిశాచులు అనేవారు. ఇప్పుడా మాట బయట అంటే నాలుక మిగలదు. దొరలు అంటాం. నేను ఆరో క్లాసులో ఉండగా మొదలైంది. ముందు టీవీలో వార్తలు పొద్దుగూకాక మాత్రమే చదవసాగారు. తర్వాత ఆఫీసులు, కోర్టులు, బ్యాంకులు ఒక్కొక్కటే సాయంత్రాలకి మారాయి. ఎండలు ముదిరాయి కదా, అందుకే కాబోలు అనుకున్నాం. ఎందుకని అడగాలని తోచేసరికి, జవాబు చెప్పాల్సిన కుర్చీలన్నిట్లో వాళ్ళే కూర్చుని ఉన్నారు. ఈ దేశం ఆ దేశం అని లేదు, భూమ్మీద ఎక్కడైనా అంతే. పదిహేను రోజులకి మనిషికొక సీసా నెత్తురు. కేంద్రంలో చెయ్యి చాపి పడుకోవాలి, లేచాక రెండు బిస్కెట్లు ఇచ్చి కార్డు మీద ముద్ర వేస్తారు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. బిస్కెట్లు మెత్తబడ్డాయని నేనొకసారి అక్కడ గొడవ కూడా పెట్టుకున్నాను. నెత్తురు గురించి మాత్రం ఏమీ అనలేదు.

మా కార్ఖానాలో దొరల ఇళ్ళకి పరదాలు కుడతాం. పరదా అంటే పక్కకి జరిపేది అనుకునేరు, ఇది నాలుగువైపులా ఇనప చట్రానికి బిగించేది. బయట మందపాటి బట్ట, నడుమ నల్లబట్ట, లోపల లైనింగు, మొత్తం మూడు పొరలు. ఆవగింజంత ఎండ ఒంటి మీద పడితే చాలు, దొర కాగితంలా అంటుకుంటాడు. అంత భయమైతే నేలమాళిగలో పడుకోవచ్చు కదా అంటే, అది వాళ్ళకి నామోషీ. నేలమాళిగలు పాతరోజుల దరిద్రమట. ఇప్పుడు పడకగది తూర్పు కిటికీ ఎంత పెద్దదైతే అంత పెద్ద దొర. వాళ్ళ గొప్పలకి మా నడుములు విరుగుతున్నాయి.

కుట్టేవాళ్ళు ఇరవైమంది, చూసేదాన్ని నేనొక్కదాన్ని. చీకటిగదిలో పరదాని వేలాడదీసి, వెనక పెద్ద దీపం పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూడాలి. సూది దిగిన చోటల్లా చిల్లే. దాన్ని దారం నింపాలి, దారం నింపకపోతే నేను మైనం పెట్టి నింపాలి. ముప్పై ఏళ్ళలో నా చేతి మీదుగా చిల్లున్న పరదా ఒక్కటి బయటికి పోలేదు. ఆ పొగరు నాకుంది. పిశాచుల్ని బతికించే పనికి పొగరేమిటే అని మీరు అడగొచ్చు, నేనూ ఈ మధ్య అదే అడుగుతున్నాను. చేసే పని బాగుండాలనేది ఒక జబ్బు. ఎవరికోసం చేస్తున్నామన్నది దానికి పట్టదు.

పరదా సిద్ధమయ్యాక, పొద్దుగూకాక నాడి గుమాస్తా వస్తాడు. అతనూ వాళ్ళలోవాడే. సన్నటి గొంతు, మంచి మర్యాద. కుట్టినవాళ్ళని ఏమీ అడగడు, చూసినదాన్నే అడుగుతాడు. నా మణికట్టు మీద రెండు చల్లటి వేళ్ళు ఆనించి, ఏళ్ళతరబడి ఒక్క అక్షరం మారని ప్రశ్న వేస్తాడు. "ఆఖరి చూపులో మీ కంటికి చిల్లేమైనా కనబడిందా అమ్మా?" అబద్ధమాడితే నాడి చెప్పేస్తుంది. నెత్తురు నడక చదవడం వాళ్ళకి మనం పేపరు చదివినంత తేలిక. నాకు ముందు ఈ పనిలో ఉన్నావిడ ఒకసారి, ఇంటికి పోయే తొందరలో, చూడకుండానే చూశానంది. ఇప్పుడు నేను కూర్చునే కుర్చీ ఆవిడదే.

రెండేళ్ళుగా నా ఎడమకంట్లో పొర. ఈ ఏడాది కుడికంట్లోనూ కమ్మింది. దీపం ముందు పరదా నాకిప్పుడు ఒక నల్లముద్ద, అంతే. ఎవరికీ చెప్పలేదు. చూసేదానికి చూపు పోయిందంటే కుర్చీ పోతుంది, కుర్చీ లేని ముసలివాళ్ళు వాళ్ళకి ఎందుకు పనికొస్తారో అందరికీ తెలుసు. అందుకని ఒక దొంగదారి కనిపెట్టుకున్నాను. దీపం తంతు అందరి ముందూ ముగించి, మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచినప్పుడు పరదాని కార్ఖానా డాబా మీదికి ఈడ్చుకెళ్ళి, నెత్తిన ముసుగులా కప్పుకుని, నడినెత్తిన మండుతున్న ఎండలో కొద్దికొద్దిగా జరుపుకుంటూ చూస్తాను. దీపానికి దొరకని చిల్లు ఎండకి దొరుకుతుంది. పొర కమ్మిన కంటికి కూడా నిప్పురవ్వలా తగుల్తుంది. అక్కడే మైనం పెట్టేసి, మళ్ళీ చూసుకుని, మడతపెట్టి కిందికి తెస్తాను. అలా చేస్తేనే గుమాస్తా వేళ్ళ కింద నా నాడి నిమ్మళంగా ఉంటుంది. గుడ్డి కన్నా మెల్ల నయం కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాదిగానే, రోజూ పొద్దున్న నేను వెళ్ళేసరికి నా సూదిమెత్తకి పన్నెండు సూదులు దారం ఎక్కించి గుచ్చి ఉండేవి. ఎవరు ఎక్కిస్తున్నారని నేను అడగలేదు. కోడలు చెప్పలేదు. అత్త మెప్పు కోసం వేషాలు అనుకున్నాను తప్ప, నా కళ్ళ సంగతి దానికి తెలిసిపోయిందన్న ఆలోచనే రాలేదు.

నా కొడుకు ఆ ఇనపచట్రాలు బిగించే పనిలో ఉండేవాడు. ఒక్కగానొక్కడు, మొండివాడు. పెళ్ళయిన కొత్తలో పెట్టెలు పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు, కోడలు పంతం పట్టి మాన్పించింది. నేను రోజూ పొద్దున్నే దగ్గరుండి ఐరన్ మాత్ర మింగించేదాన్ని. ఇద్దరాడవాళ్ళం కలిసి వాడి నెత్తుర్ని బాగుచేశాం. సీసాలు రుచి చూసే చోట అది ఎవరికో నచ్చింది. గుట్ట మీది దొర ఇంటి నుంచి పిలుపు చీటీ వచ్చింది.

పిలుపంటే నలభై రోజులు. ఆ ఇంట్లో పగటి పనులు చేయించుకుంటారు, మూడుపూటలా కడుపునిండా పెడతారు. నలభయ్యో రోజు పొద్దుగూకాక మనిషి ఉండడు. మర్నాడు అతని చెప్పులు కడిగి, కాగితంలో చుట్టి ఇంటికి పంపిస్తారు. చెప్పాను కదా, చాలా మర్యాదస్తులు.

వెళ్ళే రోజు మావాడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నవ్వాడు.

"అమ్మా, ఈ నలభై రోజులూ దాన్ని ఏమీ అనకే."

"నేనేమంటున్నాన్రా? మంచి చెప్పినా తిట్లేనా మీకు?"

"మంచీ వద్దు, చెడ్డా వద్దు. తిట్లన్నీ మూట కట్టి దాచు. నేనొచ్చాక ముగ్గురం పంచుకుందాం."

వస్తానని అన్నాడు వాడు. రానని ముగ్గురికీ తెలుసు. అయినా నేను తలూపాను. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాను. మొదటి వారం నరకం. కూరలో ఉప్పు మరిచిపోయింది, అనలేదు. పాలు పొంగబెట్టింది, అనలేదు. గదిలో కూర్చుని గోడని తిట్టుకున్నాను.

ముప్పయ్యో రోజున ఆ దొర ఇంటి నుంచే కార్ఖానాకి ఒక పని వచ్చింది. పడకగది తూర్పు కిటికీకి కొత్త పరదా. కొలతతాడు కూడా పంపారు. వెడల్పుకొక ముడి, ఎత్తుకొక ముడి వేసి తాడు పంపడం మా పనిలో వాడుక. ఆ ముడులు చూడగానే గుర్తుపట్టాను, మావాడు వేసినవి. వాడు ముడి వేస్తే పళ్ళతో పీకినా రాదు. కానీ రెండుండాల్సిన చోట మూడున్నాయి. వీడికి చిన్నప్పట్నుంచీ లెక్క రాదు అనుకుని, తాడుని గుండెలకి అదుముకుని ఏడ్చాను.

కోడలు ఆ తాడు నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"ఈ పరదా నేనొక్కదాన్నే కుడతాను అత్తయ్యా. ఇంకెవరికీ ఇవ్వకండి."

మొగుణ్ణి మింగబోయేవాడి కిటికీకి పరదా కుట్టడానికి చేతులెలా వస్తాయే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ముప్పయ్యారో రోజుకి పూర్తయింది. చీకటిగదిలో వేలాడదీసి దీపం పెట్టాం. నాకేమీ కనబడలేదు, ఎప్పటిలాగే. కోడలు నా వెనకే నిలబడింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది."

దాని ఊపిరి నా మెడకి తగిలింది. అన్ని రోజుల్లో అది అంత నిండుగా ఊపిరి వదలడం మొదటిసారి. పిచ్చిదానికి నా మెప్పు అంత కావాలా అనుకుని నాకు జాలేసింది. అవును, జాలి. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే డాబా మీదికి ఈడ్చుకెళ్ళి కప్పుకున్నాను. సగం దాకా బాగానే ఉంది. ఇంకొంచెం జరిపేసరికి నా మొహం మీద ఎండ చుక్కలు పడ్డాయి. ఒకటి కాదు రెండు కాదు, జానెడు పొడవున అడ్డంగా ఒక వరుస, మూడు పొరల్లోంచీ. లెక్కపెడితే నలభై. ప్రతి కుట్టుమిషను దగ్గరా జరిగే పొరపాటే అది. దారం అయిపోయినా చూసుకోకుండా తొక్కుకుంటూ పోతే సూది ఖాళీగా దిగి లేస్తుంది, దారం లేని కుట్టు పడుతుంది. పరధ్యానం. మొగుడి ధ్యాసలో మిషను తొక్కుతూనే ఉండిపోయింది పాపం అనుకున్నాను.

మరో రోజైతే ఆ పరదా దాని మొహాన కొట్టి, ఇరవైమంది ముందూ కడిగేసేదాన్ని. "కళ్ళు నెత్తికెక్కాయా, ఇది కుట్టా, కోడి గెలికిందా" అనేదాన్ని. అప్పుడది నన్ను పక్కకి లాక్కెళ్ళి ఏదో ఒకటి చెప్పేది. చెప్పి తీరేది. కానీ మావాడికి మాటిచ్చాను. దానికి తోడు, ఇది బయటపడితే కోడలి ప్రాణం మీదికొస్తుంది, కొడుకు ఎలాగూ దక్కడు, దీన్నైనా దక్కించుకోవాలి అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా అక్కడే ఎండలో కూర్చుని నలభై చిల్లులకీ మైనం పెట్టాను. అదీ చాలదనిపించి, వెనక నల్లబట్ట పట్టీ ఒకటి వేసి, చుట్టూ రెండు వరుసలు చేత్తో కుట్టాను. దారం ఎక్కించి నా మెత్తకి గుచ్చిపెట్టిన సూదితోనే కుట్టాను. ముప్పై ఏళ్ళలో అంత గట్టి కుట్టు ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాటి సాయంత్రం గుమాస్తా వేళ్ళు ఆనించాడు. అడిగాడు. కనబడలేదన్నాను. నా నాడి నిద్రపోతున్న పాపాయి నాడిలా ఉంది.

"మీ నాడి పట్టుకుంటే ముచ్చటేస్తుందమ్మా," అన్నాడు.

గుమ్మం పక్కన నిలబడి కోడలు కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. ఇద్దరం వేరువేరు సంగతులకి ఏడుస్తున్నామని ఇద్దరికీ తెలియదు.

ముప్పైతొమ్మిదో రోజు పరదా గుట్టెక్కింది. నలభయ్యో రోజు పొద్దున కోడలు నా భుజం మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, ఇవాళ కార్ఖానాకి వద్దు. డాబా మీదకి రండి."

"ఎందుకే?"

"రండి, అక్కడ చెప్తా."

పైన ఈ సంచే ఉంది. జిప్పు తెరిచి ఉంది. రెండు జతల దాని బట్టలు, మావాడి చొక్కాలు, వాడికోసం కొన్న కొత్త చెప్పులు. అడుగున నా చీరలు రెండు, నా కళ్ళచుక్కల సీసా, నా మోకాళ్ళ నొప్పుల నూనె. నన్ను కూడా సర్దింది.

"ఏమిటే ఇది?"

కోడలు నా రెండు చేతులూ పట్టుకుంది. దాని మొహం పెళ్ళినాడు ఉన్నట్టుంది.

"ముందే చెప్పనందుకు కోప్పడకండి. చెప్పి ఉంటే గుమాస్తా ముందు మీ నాడి నిమ్మళంగా ఉండేది కాదు. తాడులో మూడో ముడి ఆయన కావాలనే వేశారు అత్తయ్యా, చట్రాలు బిగించే మనిషి కొలత తప్పుతారా? ఆ ఎత్తులోంచి ఎండ పడితే నేరుగా మంచం మీద పడుతుంది. కింద గేట్ల దగ్గర పగటి కాపలావాళ్ళు మనుషులే కదా, దొర అంటుకున్నాడంటే తాళాలు పారేసి వాళ్ళే ముందు పరిగెడతారు. ఆయన కిందికొచ్చేస్తారు. ఎండ ఉండగానే నది దాటి అవతలి అడవిలో దాక్కుందాం. నేను ఆ ఎత్తులో..."

"దారం లేకుండా కుట్టావు," అన్నాను.

అది ఆగిపోయింది. "మీకెలా తెలుసు?"

దాని చేతుల్లోంచి నా చేతులు లాక్కున్నాను.

"మీకు దీపం ముందు కనబడదు అత్తయ్యా. నాకు ఏడాదిగా తెలుసు. మీరు చూసి వెళ్ళాక నేనే దొంగతనంగా మళ్ళీ చూసి మైనం పెడుతున్నాను. కనబడదనే ధైర్యంతోనే కదా..."

"ఎండలో చూశానే. డాబా మీద. నేనెప్పుడూ ఎండలోనే చూస్తాను." పిట్టగోడ పట్టుకున్నాను. "మూసేశాను. నలభయ్యీ మూసేశాను. పట్టీ కూడా వేశాను."

అప్పటికే కిటికీ మీద ఎండ పడింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఏమీ కాలేదు. పదిన్నర అయింది, పదకొండు అయింది. గుట్ట మీద ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంది. కోడలు మెట్లు దిగి, వీధి దాటి, గుట్ట కింది గేటు దాకా వట్టికాళ్ళతో పరిగెత్తింది. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి, పొద్దుగూకాక రమ్మన్నాడట. పొద్దుగూకాక ఎందుకు?

మర్నాడు పొద్దున కార్ఖానా గుమ్మంలో మూడు వచ్చాయి. కాగితంలో చుట్టిన చెప్పులు ఒకటి. ఒక ఉత్తరం. మడతపెట్టిన పరదా.

ఉత్తరంలో ఏముందంటే, ఒక పనివాడు దొరవారి నిద్రలో పరదా చింపబోయాడట. కుట్టు గట్టిదనం వల్ల దొరవారికి ఏ హానీ జరగలేదట. పరదా చూసిన ఆమె పనితనానికి మెచ్చి ఏడాది పాటు ఆమె ఇంటికి సీసా మాఫీ చేశారట. చింపిన చోట బాగుచేసి వారంలో పంపాలట. ఆ పనివాడు ఆమె కొడుకని రాసినవాళ్ళకి తెలుసో తెలియదో, తెలిసినా వాళ్ళకది పెద్ద విషయం కాదు.

పరదా విప్పాను. లోపలివైపు లైనింగు గోళ్ళతో చీల్చేశాడు. పదింబావుకి ఎండ రాకపోయేసరికి మూడో ముడి ఎత్తు వెతుక్కుని, సరిగ్గా అక్కడే పట్టుకుని లాగాడు. లైనింగు పోయింది. దాని వెనక నల్లబట్టా చిరిగింది. నా పట్టీ దగ్గర ఆగిపోయింది. నేను వేసిన రెండు వరుసల్లో ఒక్క కుట్టు తెగలేదు. కళ్ళు కనబడవు కాబట్టి వేళ్ళతో తడిమాను. కుట్ల మధ్య ఏదో గట్టిగా ఇరుక్కుని ఉంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మా అబ్బాయి గోరు.

ఆ రాత్రి, ఆ మర్నాడు, ఆ పై మర్నాడు కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది, కళ్ళల్లో చుక్కలు వేసింది, సూదులకి దారం ఎక్కించింది. నేను భరించలేకపోయాను.

"తిట్టవే," అన్నాను. "పదకొండేళ్ళవి కలిపి తిట్టు. నా మొగుణ్ణి చంపావని అను. ఏదో ఒకటి అనవే."

అది నా కళ్ళచుక్కల సీసాకి మూత బిగించింది.

"వెళ్ళేముందు ఆయన నాతోనూ చెప్పారు అత్తయ్యా. అమ్మని ఏమీ అనకు అని."

అప్పుడు ఇద్దరం ఏడ్చాం. ఈసారి ఒకే సంగతికి.

ఏడుపు అయ్యాక అడిగాను. "తాడుందా?"

"ఉంది."

"మంచం జరిపుంటారా?"

"ఎందుకు జరుపుతారు? పరదా గట్టిదని మెచ్చుకున్నారు కదా."

"అయితే నా పట్టీ ఊడదియ్. ఆ ముడి దగ్గర ఏం చేస్తావో నాకు చెప్పకు. చూపించకు. నేను దీపం ముందే చూస్తాను. డాబా ఎక్కను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో పిలుపుకి వెళ్ళినవాళ్ళు మావాడు కాక ఇంకా ఉన్నారు. ఒకరిది ముప్పయ్యో రోజు, ఒకరిది పదో రోజు. వాళ్ళకీ ఎక్కడో ఒక తిట్టే అమ్మ ఉంటుంది.

మొన్న చీకటిగదిలో దీపం పెట్టారు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా కళ్ళు చించుకుని చూశాను, నిజాయితీగా చూశాను. నల్లముద్ద తప్ప ఏమీ కనబడలేదు.

గుమాస్తా సాయంత్రం వచ్చాడు. "మీ అబ్బాయి సంగతి విన్నానమ్మా. మంచి కుటుంబం," అన్నాడు. పరామర్శించాడో, రుచి మెచ్చుకున్నాడో వాడికే తెలియాలి. తర్వాత వేళ్ళు ఆనించాడు. "ఆఖరి చూపులో మీ కంటికి చిల్లేమైనా కనబడిందా అమ్మా?"

"కనబడలేదు."

వేళ్ళు వెంటనే తియ్యలేదు. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచాడు. గుమ్మం పక్కన కోడలు కదలకుండా నిలబడింది. నేను భయపడాలని నాకు తెలుసు. భయానికి కూడా లోపల పోగొట్టుకునేదేదో ఒకటుండాలి. నా దగ్గర ఏమీ లేదు.

"చాలా నెమ్మదిగా ఉందమ్మా నాడి," అన్నాడు.

"ముసలిదాన్ని బాబూ. ఇంకెంత ఉరుకుతుంది?"

నవ్వి, కాగితం మీద ముద్ర వేశాడు. నిన్న పరదా గుట్టెక్కింది.

పదింబావు అయింది. కోడలు లేచి నిలబడి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పడింది అత్తయ్యా. కిటికీ మీద పడింది." దాని వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. వాటి కింద నా నాడి ఇప్పుడు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది.

ముందు ఒక అరుపు వినిపించింది. మనిషి అరుపు కాదు. ఆ తర్వాత గాజు పగిలిన చప్పుడు, కాలిన వెంట్రుకల వాసన. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఆ తర్వాత ఇనుము ఇనుముకి రాసుకున్న చప్పుడు.

"గేట్లు తెరిచారు," అంది కోడలు. "కాపలావాళ్ళు పోతున్నారు. వెనక ఎవరో వస్తున్నారు. పరిగెత్తుకొస్తున్నారు."

నాకు గుట్ట మీద నుంచి కదిలే మసకలు తప్ప ఏమీ కనబడవు. అయినా లేచి, పిట్టగోడ పట్టుకుని వంగి చూశాను. చెప్పులు కాగితంలో చుట్టి ఇంటికొచ్చాయి, గోరు నా కొంగున ముడివేసి ఉంది. అన్నీ తెలిసి కూడా అడిగాను.

"ఎవరే? ఎవరొస్తున్నారు?"

కోడలు నా పక్కనే వంగింది. ఒక్కొక్క మొహమూ చూస్తోంది.

"ఎవరెవరో అత్తయ్యా. ఎనిమిదిమంది. కాళ్ళకి చెప్పుల్లేవు." అది నా వైపు తిరిగింది. "ఆయన లేరు."

సంచిలోంచి కొత్త చెప్పులు తీసి దాని చేతికిచ్చాను. "ఎవరికి సరిపోతే వాళ్ళకివ్వు. నిలబడి ఏడుస్తావేమే మొద్దుమొహమా, నడు." దాన్ని తిట్టి చాలా రోజులైంది. అది కళ్ళు తుడుచుకుని సంచి భుజానికెత్తుకుంది, రెండో చేత్తో నన్ను పట్టుకుని మెట్లు దింపింది. పొద్దుగూకడానికి ఇంకా ఎనిమిది గంటలుంది.